చాయ్ తాగాక వచ్చిన ‘ఔను’

గాజు కుప్పెలోని నీటికి ఒక్కో చుక్క ద్రావణం కలుపుతూ పోతే, ద్రాక్షరసం లాంటి ఎరుపు ఉన్నట్టుండి నీలంగా మారే క్షణం ఒకటి ఉంటుంది. నీటి కాఠిన్యాన్ని కొలిచేవారికి అది నిత్యం కనిపించేదే. శంషాబాద్‌లోని నా చిన్న పరీక్షాశాలలో ఈ ఉదయం ఆ నీలం కనిపించగానే, దానిని మొదటిసారి చూసి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టిన రజియా మేడం గుర్తుకొచ్చారు. ఆమెకు రసాయనశాస్త్రంతో సంబంధం లేదు. ఎంబీఏలో మాకు ఆంట్రప్రెన్యూర్‌షిప్ పేపరు, అంటే సొంత వ్యాపారం మొదలుపెట్టే విద్య, చెప్పిన అధ్యాపకురాలు.

అప్పట్లో నేను ఒక మందుల కంపెనీలో నాణ్యతను తనిఖీ చేసే ఉద్యోగిని. రుజువు లేని మాటను ఒప్పుకోకపోవడానికే నాకు జీతమిచ్చేవారు. ఆ జీతం మీదే మా ఇల్లు నడిచేది. శనివారాల్లో ఎంబీఏ తరగతులకు వెళ్లినా ఆ బుద్ధి నాతోపాటే వచ్చి కూర్చునేది. మా కళాశాల విమానాలు దిగే దారి కింద ఉండేది. విమానం వచ్చిందంటే మేడం చూపుడు వేలు పైకెత్తి మాట ఆపేవారు. అది దాటిపోగానే, ఆగిన మాట దగ్గరి నుంచే మళ్లీ అందుకునేవారు. మొదటి తరగతిలో తెరమీద ఒక వాక్యం కనిపించింది: ధైర్యం చేసినవారే వ్యాపారంలో గెలుస్తారు. నేను ఉండబట్టలేక లేచాను.

“ధైర్యం చేసి మునిగిపోయినవాళ్లను ఎవరైనా లెక్కపెట్టారా మేడం?”

తరగతి ఘొల్లుమంది. మేడం అందరికంటే ఎక్కువ నవ్వారు. “నేనున్న గదా బేటా! నాతోనే షురూ చెయ్యి.” హోటళ్లకు యూనిఫారాలు కుట్టించే వ్యాపారం పెట్టి, మూసేసి, ఆ తరువాతే తాను పాఠాలు చెప్పడానికి వచ్చానని దాపరికం లేకుండా చెప్పారు. “నువ్వు రోజూ అడుగు, సైన్సమ్మా. కానీ ఏం జూస్తే నమ్ముతవో గూడ చెప్పాలె. చెప్పకుంటే అది అనుమానం గాదు, అలుక.”

ఆ పేరు నాకు స్థిరపడిపోయింది. ఎవరు ఏ వ్యాపార ఆలోచన చెప్పినా మేడం నా వైపు తిరిగి, “ఏమంటది మా సైన్సమ్మ?” అనేవారు. నేను తప్పు పట్టేదాన్ని. వెంటనే, ఏ రుజువు చూపితే ఒప్పుకుంటానో చెప్పవలసి వచ్చేది. మొదటి పని నాకు సునాయాసం. రెండవది చేసేటప్పుడు చెమటలు పట్టేవి.

చివరికి నా వంతు వచ్చింది. విమానాశ్రయం చుట్టూ కొత్త కాలనీలు లేస్తున్నాయి. బోరు నీళ్లే చాలామందికి ఆధారం. ఆ నీళ్లు మంచివో కావో చెప్పేది ఫిల్టర్లు అమ్మేవారు. అమ్మేవాడే పరీక్షిస్తే ఫలితం ఎలా ఉంటుందో ఊహించడానికి సైన్సు అక్కరలేదు. ఏ సరుకూ అమ్మకుండా నీటిని పరీక్షించి చెప్పే చోటు ఒకటి పెట్టాలన్నది నా ఆలోచన. కోర్సు కోసం అన్నానే గానీ, ఉద్యోగం వదిలి నిజంగానే పెట్టాలని లోలోపల తహతహగా ఉండేది. హోటళ్లూ, ప్లాట్ల ఆఫీసులూ తిరిగి అడిగాను. అందరూ ఔనన్నారు. రంగురంగుల పటాలు గీసి తరగతిలో చూపించాను.

మేడం ఒకటే ప్రశ్న అడిగారు. “చాయ్ తాపిచ్చిండ్రా?”

“అందరూ ఇచ్చారు మేడం. ఒక దగ్గర సమోసా కూడా.”

“గట్లయితే ఆ ‘ఔను’ నీ వ్యాపారానికి గాదు బేటా, ఇంటికొచ్చిన మనిషికి చెప్పింది. చాయ్ తాపిచ్చి, ముఖం మీద ‘వద్దు’ అంటరా ఎవరన్న? నేను గిట్లనే ప్రతి హోటల్ల చాయ్ తాగిన, ఖుషీగ మిషన్లు కొన్న. ఆర్డర్ అడిగేసరికి అందరు పరేషాన్, ఒక్కడు ఇయ్యలే!”

నా పటాలన్నీ ఒక్క కప్పు చాయ్‌లో కొట్టుకుపోయాయి. శాస్త్రం చదివిన నేను కొలిచింది ఆతిథ్యాన్ని, అవసరాన్ని కాదు.

“ఇగ చెప్పు. ఇది ఉత్త కోర్సు పని గాదని నాకెరుకే. నువ్వు ఏం జూస్తే నమ్మి నౌకరీ ఇడుస్తవు?”

తరగతి మొత్తం వింటుండగా చెప్పాను: నేను అడగని మనిషి, నాకు ఏ మొహమాటమూ లేని మనిషి, తనంతట తాను నీళ్లు పట్టుకు రావాలి. మళ్లీ ఇంకొకసారి కూడా రావాలి. ఊరికే కాదు, రుసుము ఇచ్చి. అవి రెండూ జరిగితే రాజీనామా చేస్తాను. “అందరు గవాహ్,” అన్నారు మేడం. సాక్షులన్నమాట.

ఆదివారం తుక్కుగూడలో, మూసి ఉన్న ఒక దుకాణం అరుగు మీద బల్ల వేసి, ‘ఇక్కడ నీళ్లు పరీక్షించబడును’ అని అట్ట తగిలించాను. తోడుగా మేడం జామపండ్ల సంచితో వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఔనన్నవారిలో ఒక్కరూ రాలేదు. పండ్లు తగ్గుతున్నాయి, ఎండ పెరుగుతోంది. ఊసుపోక, మేడం సీసాలో తెచ్చుకున్న ఇంటి కుళాయి నీటినే పరీక్షించి చూపించాను. నీలం వచ్చిందీ, ఆమె చప్పట్లు కొట్టిందీ అప్పుడే. ఆ చప్పుళ్లకు దారిన పోయే ఒకామె ఆగింది. అట్ట చదివి వెళ్లిపోయింది. కాసేపటికి సీసాలతో తిరిగి వచ్చింది.

ఆమె పేరు యాదమ్మ. విమానాశ్రయంలో పనిచేసే ఆడపిల్లలకు తన ఇంట్లోనే హాస్టల్ నడుపుతోంది. “పోరిలు రోజు లొల్లి చెల్లె. నీ నీళ్లతోని జుట్టు ఊడుతున్నదని నా పానం తింటున్నరు. నీళ్లతోనే ఊడుతున్నదా, జర చూసి చెప్పు.”

“నీళ్లలో ఉప్పదనం ఎంతో, కాఠిన్యం ఎంతో చెప్పగలను అక్కా. జుట్టు దానివల్లే ఊడుతోందో లేదో నాకు తెలియదు. ఈ పరీక్షతో అది తేలదు.”

చెడగొట్టుకున్నాననే అనుకున్నాను. యాదమ్మ నన్ను ఎగాదిగా చూసింది. “ఫిల్టర్లు అమ్మేటోళ్లు ఎంతమందొచ్చిండ్రో! తెలువదన్న మొగోడు ఒక్కడు లేడు. నువ్వు చెప్పేదే రాసియ్యి, గోడకు అంటిస్త.” రుసుము బల్లమీద పెట్టింది. జామపండు కొరకబోయిన మేడం నోరు తెరిచినట్టే ఉండిపోయారు.

మరుసటి ఆదివారం యాదమ్మ మళ్లీ వచ్చింది. ఇంకో బోరు నీళ్లతో, ఇంకో హాస్టల్ ఆమెను వెంటబెట్టుకుని. నేను పెట్టిన షరతులు రెండూ నెరవేరాయి. నోరు మాత్రం పాత పాటే అందుకుంది: “ఒక్కరిని బట్టి ఏం చెప్పగలం మేడం? కాకతాళీయం కావచ్చు. ఇంకొన్ని వారాలు చూసి...”

మేడం కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “నీ పరీక్ష, నీ పేపరు, పాసైంది గూడ నువ్వే. పాసైనంక పేపరు కఠినం చేస్తున్నవేంది? భయమైతే భయమని చెప్పు, తప్పులేదు. సైన్సు మీదికి నూకకు.”

నిజమే, అది భయం. భయమని ఒప్పుకోగానే అది సగం తగ్గింది. తగ్గిన కొలత నా దగ్గర లేదు గనుక ఈ మాటను రుజువుగా తీసుకోకండి. ఆ సోమవారం రాజీనామా ఇచ్చాను. మొదటి ఏడాదంతా మమ్మల్ని నిలబెట్టింది నేను చాయ్ తాగిన హోటళ్లు కావు, తలుపు కూడా తట్టని హాస్టళ్లు.

మేడం ఇప్పుడు రిటైరై శంషాబాద్‌లోనే ఉంటున్నారు. ఏ కొత్త పని తలపెట్టినా, ఏది చూస్తే ముందుకు వెళ్తానో, ఏది చూస్తే మానుకుంటానో ముందుగా ఆమెకు చెబుతాను. మొన్న ఎండాకాలం హిమాయత్ సాగర్ దగ్గర రెండో పరీక్షాశాల పెట్టాలనిపించింది. షరతు చెప్పి, బల్ల వేసుకుని కూర్చున్నాను. పొద్దు వాలేదాకా చూసి ఫోన్ చేశాను.

“మేడం, ఎవరూ రాలేదు.”

“ముబారక్ బేటా!”

“దేనికి మేడం?”

“నా లెక్క మిషన్లు కొనకుండ, ఒక్క బల్లతోనే తెలిసిపోయె గదా! ఇగ లేచి రా, ఖుబానీ మీఠా చేసిన.”

వెళ్లాను. తప్పని తేలిన నా ఆలోచనను పూసగుచ్చినట్టు చెబుతూ, ఇద్దరం పడీపడీ నవ్వుకుంటూ, గిన్నె ఖాళీ చేశాం.