బాపు తెచ్చిన ఉన్ని బూట్లు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. బీఎస్సీ చదివాను. మా పాపకు దిష్టి తీస్తానంటే మా అవ్వతో గొడవపడే రకం. అయినా ఇది ఎవరికైనా చెప్పాలనిపిస్తోంది. పాప నిద్రపోయాకే నాకు రాసుకునే తీరిక.

చొప్పదండిలో మా పుట్టింట్లో జరిగింది. అక్కడ అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలుస్తాం. మా బాపు ఒగ్గు కథల్లో డోలు వాయిస్తాడు. పోయిన ఏడాది బృందంతో కిర్గిజ్‌స్తాన్ వెళ్లి ప్రదర్శన ఇచ్చి వచ్చాడు. అక్కడ వాళ్లు దిగిన ఇంట్లో ఒక ముసలామె ఉంది, గొర్రెలు పెంచుతుంది. మాదీ గొర్రెల ఇల్లే. ఒకరి భాష ఒకరికి రాకపోయినా ఉన్నన్నాళ్లూ గొర్రెల గురించే మాట్లాడుకున్నారట. మనవరాలు ఎంత ఉంటుందని ఆమె సైగ చేస్తే బాపు మోకాలి దగ్గర చెయ్యి పెట్టి చూపించాడు. వచ్చేలోపు ఆమె ఉన్నిని తడిపి, ఒత్తి, చిన్న తెల్లటి బూట్ల జత చేసి ఇచ్చింది.

"ఆడ ఇంట్లనే తొడుగుతరట," అన్నాడు బాపు.

"ఆడ తొడుగనియ్యి. మనింట్ల దేవుని అర్ర ఉన్నది, లోపట బూట్లతోని తిరుగుతరా?" అంది అవ్వ. "విమానమెక్కి పోయి నాకు జానెడు రైక గుడ్డ తేలే గని, నడువని పిల్లకు బూట్లు తెచ్చినవ్."

ఆ చివరి మాట నాకు గుచ్చుకుంది. పాపకు ఏడాదిన్నర దాటింది. నిలబెడితే కాళ్లు మడిచి కూర్చునేది. ఎముకలు బాగానే ఉన్నాయి, కొన్నాళ్లు చూడమన్నాడు కరీంనగర్ డాక్టరు. "ఇంకా నడుస్తలేదా?" అని ఎవరైనా అడిగితే లోపలికి వెళ్లి ఏడ్చేదాన్ని.

బూట్లను కవరులో ముడివేసి బాపు షోకేసు పై అరలో పెట్టాడు.

ఒక మధ్యాహ్నం నేను బట్టలు మడత పెడుతుంటే గోడ దగ్గర కూర్చున్న పాప లేచి నడిచింది. తూలలేదు. హాలంతా దాటి వచ్చింది. కుడి చెయ్యి మాత్రం పైకెత్తి, ఎవరిదో వేలు పట్టుకున్నట్టు పిడికిలి బిగించి ఉంది. నా దగ్గరికి వచ్చాక చెయ్యి దించి ఒళ్లో వాలింది.

సాయంత్రం బూట్లు తొడిగి ఫోటో తీద్దామని కవరు దించాను. బాపు వేసిన ముడి అలాగే ఉంది. విప్పితే బూట్ల అడుగుభాగం నల్లబడి, మడమల దగ్గర అరిగిపోయి ఉంది, మా బండల మీద నెలల తరబడి నడిచినట్టు. తెచ్చిన రోజు తీసిన ఫోటో నా ఫోన్లో ఉంది, అందులో అంతా తెల్లగా ఉంది. ఎలుకలైతే పళ్ల గాట్లుండాలి. తేమకు రంగు మారుతుంది గానీ ఉన్ని అరగదు.

బాపు వాటిని చాలాసేపు చేతుల్లో తిప్పి చూశాడు.

"మంచిగ నేర్పిన్రు బిడ్డా," అన్నాడంతే.

ఎవరని నేను అడగలేదు. ఆ ముసలామె ఎలా ఉందో కనుక్కుందామంటే నంబరు లేదు. ఎలా జరిగిందో ఇప్పటికీ నాకు తెలియదు.

భయపడాల్సిన విషయమే. కానీ భయం వేయడం లేదు. కొంచెం కుళ్లుగా మాత్రం ఉంది. ఆ మొదటి వేలు నాది కావాల్సింది.