గాలికి పీట వేసిన శేషగిరి సార్

శేషగిరి సార్ ఇక లేరన్న కబురు నాకు ఆటో మస్తాన్ చెప్పాడు. గిద్దలూరు, మార్కాపురం ప్రాంతాల్లో రసాయన శాస్త్రం చదివినవాళ్లలో సగం మందికి గురువైన ఆ మహనీయుడు పొద్దున కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, కుర్చీలోనే ఒరిగిపోయారట. "మేడం, సార్ పోయినాడు," అన్నాడు మస్తాన్. సార్ శిష్యురాలినై, ఆయన పనిచేసిన కళాశాలలోనే పాఠాలు చెప్పే నేను అప్పుడు తరగతిలో వాయువుల ధర్మాలు చెబుతున్నాను. సమీకరణాన్ని బోర్డు మీద సగంలోనే వదిలేసి బయటికొచ్చి, వరండా స్తంభం పట్టుకుని నిలబడ్డాను. ముందురోజు సాయంత్రమే ఫోన్‌లో, ఎప్పటిలాగే ప్రశ్న మీద ప్రశ్న వేసి, కొత్త పాళ్లు చెప్పి, నన్ను చెడామడా తిట్టారు. అంత ఓపికగా తిట్టే మనిషి తెల్లారేసరికి ఉండడని ఎవరనుకుంటారు?

సంస్మరణ అనగానే కన్నీటి ధారలు ఉండాలేమో. ఏం చేయను, సార్‌ను తలుచుకుంటే నాకు ముందు నవ్వే వస్తుంది. గిద్దలూరు బజారులో పప్పులూ బెల్లమూ అమ్మే దుకాణం వారిది. పెద్ద కొడుకు గల్లాపెట్టె ముందు కూర్చుంటాడని తండ్రి ఆశపడితే, ఈయన డాక్టరేటు పుచ్చుకుని మార్కాపురంలో డిగ్రీ కళాశాల అధ్యాపకుడయ్యారు. మీథేన్ వాయువును స్ఫటికాల్లో నిలవచేసే విద్యకు జీవితాన్ని అంకితం చేశారు. తండ్రిగారు దుకాణానికి వచ్చినవాళ్లందరికీ చెప్పేవారట: "మా నాయన వడ్లు నిలవ చేసినాడు, నేను బెల్లం నిలవ చేసినా, మావోడు గాలి నిలవ చేస్తా ఉండాడు. పోనీలే, ఎలుకల బాధ లేదు!" ఈ మాట సార్ ప్రతి ఏటా కొత్త విద్యార్థులకు చెప్పి, వాళ్లకంటే ముందు తానే నవ్వేవారు.

ఆయన పరిశ్రమ ఎందుకోసమో తెలియనివారికి రెండు ముక్కలు చెప్పాలి. బండ్లకు వాడే గ్యాసును మామూలుగా విపరీతమైన ఒత్తిడితో మందపాటి ఇనుప సిలిండర్లలో కూరుతారు. అంత ఒత్తిడి పెట్టే యంత్రమున్న బంకు ప్రతి ఊళ్లోనూ ఉండదు. యర్రగొండపాలెం అవతల అడవి అంచు పల్లెల్లో ఆటో నడిపేవాడికి అది అందని మానిపండే. అయితే లోహపు పరమాణువులనూ కర్బన సమ్మేళనాలనూ జల్లెడలా అల్లి తయారుచేసే స్ఫటికాలు కొన్ని ఉన్నాయి. చూడటానికి పిండిలా ఉంటాయి, లోపలంతా కంటికానని గదులే. చారెడు పొడిలోని ఆ గోడలన్నీ విప్పి పరిస్తే మా కళాశాల ఆటస్థలం చాలదు. మీథేన్ ఆ గోడలకు తనంతట తానే అంటుకుని కూర్చుంటుంది. అందువల్ల కొద్దిపాటి ఒత్తిడికే బోలెడంత గ్యాసు పడుతుంది. "చుట్టాన్ని మెడబట్టి ఇంట్లోకి తోస్తే ఉంటాడా అమ్మా? పీట వేయాల. వేస్తే ఆయనే కూచుంటాడు," అనేవారు సార్. పల్లెలో పేడ గ్యాసును శుద్ధిచేసి, ఆ పల్లెలోనే ఆటోలో నింపుకోవాలన్నది ఆయన కల.

పదవీ విరమణ తర్వాత కూడా ప్రయోగశాల తాళంచెవి సార్ జేబులోనే ఉండేది. కొత్తగా వచ్చిన ప్రిన్సిపాల్‌కు ఆ గది కంప్యూటర్ల కోసం కావలసివచ్చింది. "ఇన్నేళ్లుగా ఈ పొడులు చేస్తున్నారు, ఒక్క బండైనా నడిచిందా?" అని అడిగారు. ప్రశ్న న్యాయమైనదే. సార్ క్షణం ఆలోచించకుండా, "రైల్వే స్టేషన్ దాకా ఆటో పోయి రాకపోతే తాళంచెవి మీ చేతిలో పెడతా," అన్నారు. ఆ గది పోతే యంత్రాలు అటకెక్కుతాయి, పరిశోధక విద్యార్థుల శ్రమ గంగలో కలుస్తుంది, పొద్దున్నే లేచి తయారై పోవడానికి సార్‌కు ఈ లోకంలో చోటే ఉండదు.

పొడిని పొడిగానే పోస్తే సిలిండర్లో కొంచెమే పడుతుంది. అందుకని ప్రెస్సులో పెట్టి బిళ్లలు చేశాం. ఇక్కడే మా ఊరి బుద్ధి బయటపడింది. మాది బడిపిల్లల రాతి పలకలు చేసే ఊరు. పలకను వేలి కణుపుతో తట్టి, ఖంగుమంటే మంచిదనీ, మొద్దుగా పలికితే లోపల చీలిక ఉందనీ పసివాళ్లు కూడా చెబుతారు. మార్కాపురం మనిషి కుండ కొన్నా తడతాడు, గుమ్మడికాయ కొన్నా తడతాడు. మేమూ గట్టిగా నొక్కి, ఒక్కో బిళ్లనూ తట్టి, ఖంగుమన్నవన్నీ సిలిండర్లో పేర్చాం. మూగగా ఉన్నవి బకెట్లో పడేశాం. సార్ కూడా చెవి దగ్గర పెట్టుకుని, "ఇదీ బిళ్ల అంటే!" అని మురిసిపోయారు.

మస్తాన్ గ్యాసు నింపిన ఆ సిలిండర్‌ను తన ఆటోకు బిగించి, పెట్రోలు చుక్క లేకుండా తీసేసి, బిస్మిల్లా అని స్టార్ట్ చేశాడు. కళాశాల గేటు దాటింది. బస్టాండు మలుపులో దగ్గింది, ఆగింది. చుట్టూ జనం. మేము తలలు వంచుకుని ఆటోను వెనక్కి నెడుతుంటే, సార్ మాత్రం ముందు నడుస్తూ పెళ్లి ఊరేగింపులా అందరికీ నమస్కారాలు పెట్టారు. నెట్టినవాళ్లందరికీ సోడాలు కొనిచ్చారు. ప్రిన్సిపాల్ మంచి మనిషే, నెలాఖరు దాకా గడువిచ్చారు.

దేన్నీ పారేయలేని స్వభావం సార్‌ది. అది దుకాణంలో పుట్టిన గుణం. తెగిన చెప్పుకు కుట్టు మీద కుట్టు వేయించేవారు, నిమ్మకాయ పిండాక తొక్కతో బీకర్లు తోమించేవారు. గడువు దగ్గరపడి గది ఖాళీ చేసేటప్పుడు మేము బకెట్ ఎత్తబోతే, "ఏంది తొందర? పారేసే ముందు అవి ఎంత గ్యాసు పడతాయో చూడనీ," అని కూర్చున్నారు. చూశాక అంకెలు మరోసారి సరిచూసుకున్నారు. తర్వాత మొదలైంది నవ్వు! కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. మేము పారేయబోయిన మూగ బిళ్లలే గ్యాసును గటగటా తాగుతున్నాయి. ఖంగుమన్నవాటిని మేము ఎంత గట్టిగా నొక్కామంటే, లోపలి గదులన్నీ కూలిపోయి ఉత్త రాళ్లయ్యాయి. "మన చెవులే మనల్ని ముంచినాయి కదమ్మా! గది కట్టి, పైకప్పు మీద మనమే రోలు దొర్లించినాం," అన్నారు.

మెత్తగా నొక్కి మళ్లీ బిళ్లలు చేశాం. ఈసారి ఎవరూ తట్టకుండా కాపలా కాయాల్సి వచ్చింది, అలవాటు అంత తొందరగా చస్తుందా? రెండోసారి ఆటో బయలుదేరినప్పుడు వెనక సీట్లో సార్, ఆయన పక్కన నేను. బస్టాండు మలుపు దాటాం. ఊరు దాటాం. స్టేషన్ ముందు మస్తాన్ ఆటోను గిర్రున తిప్పి, "సార్, ఇట్లనే కంభం దాకా పోదామా?" అన్నాడు. "ముందు గది దక్కనీ నాయనా," అన్నారు సార్. తిరిగొచ్చాక కూడా మస్తాన్ ఆపలేదు, గ్యాసు అయిపోయేదాకా ఆటస్థలం చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. ప్రిన్సిపాల్ స్వయంగా ఎదురొచ్చి, "తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోండి," అన్నారు. ఆ రోజు సార్ ముఖంలో చూసిన ఆనందం నా జీవితానికి దొరికిన పెద్ద ఆస్తి.

సార్ పెద్దకర్మ ముగిసిన మరునాడు గది తెరిచాం. ఆయన చివరిసారి చెప్పిన పాళ్లలో విద్యార్థులు కొత్త బిళ్లలు చేసి యంత్రంలో పెట్టారు. తెర మీద గ్యాసు కొలత చూపే గీత పైకి పోతూనే ఉంది, మేమెన్నడూ చూడనంత పైకి. పిల్లలు ఈలలు వేశారు, నేనూ చప్పట్లు కొట్టాను. ఆయన కూర్చునే స్టూలు వైపు తిరిగి మనసారా నమస్కరించాను. గెలవడం నేర్పే గురువులు దొరుకుతారేమో గానీ, నడిబజారులో ఓడిపోయి సోడాలు పంచగల గురువును మేమిక ఎక్కడ వెతుక్కోవాలి?

సంతోషంలో చెయ్యి అలవాటుగా సార్ నంబరు నొక్కింది. సార్ భార్య ఎత్తారు. "చెప్పమ్మా, గ్యాసు బాగా పట్టిందా?" అన్నారు. ఇన్నేళ్లుగా నేను ఆ ఇంటికి ఫోన్ చేసేది అందుకే కదా. "ఎన్నడూ పట్టనంత పట్టిందమ్మా," అన్నాను. "ఉండు, ఆయనకు చెప్పొస్తా," అని ఫోన్ పక్కన పెట్టారు. హాల్లో దండ వేసిన ఫోటో ఉంది. ఆమె అక్కడికి నడిచిన చప్పుడు, మెల్లగా ఏదో చెప్పిన చప్పుడు నాకు వినిపించాయి. తిరిగొచ్చి ఫోన్ అందుకున్నారు.

"చెప్పినానమ్మా," అన్నారు. "ఒక్క ప్రశ్న కూడా అడగలేదు."