గొంగడి సాయిలు పేరు కొట్టేసిన చెయ్యి

ఊరు పిలిచే పేరుతోనే విజ్ఞాన సర్వస్వంలోకి ఎక్కిస్తానని ఒగ్గుకథ చెప్పే గొంగడి సాయిలుకు పదేళ్ల కిందట మాటిచ్చి తప్పాను. ఆయన పోయాడు. ఈ రోజు మాదాపూర్ ఆఫీసులో ఆ సంపుటాల సీడీ చూపిస్తున్నారని తెలిసి, గోపన్‌పల్లి నుంచి ఆయన కూతురు లక్ష్మి వచ్చింది. కంప్యూటర్లో "గొంగడి సాయిలు" అని వెతికించింది. దొరకలేదు. నేనే "మేకల సాయిరాములు" అని కొట్టించి, నేను రాసిన వ్యాసం చూపించాను.

"ఇదెవరు సార్? మా నాయనను గిట్ల ఎవ్వలన్న పిలిచిన్రా?"

"అసలు పేరు అదే కదమ్మా."

"రేషన్ కార్డు మీద ఉండె సార్. జనం నోట్ల ఎన్నడు లేకుండె."

సీడీ తయారైపోయిందట, ఇక మార్చలేరట. ఆమె మిగతా వ్యాసం చదవకుండానే వెళ్లిపోయింది.

ఊరి పేర్లు వేస్తే గ్రంథం మర్యాద పోతుందన్నాడు మా ప్రధాన సంపాదకుడు శేషాచలపతి. ఆ సంపాదకుడి మీది వ్యాసంలో మాత్రం ఆయన కలంపేరు మూడుసార్లు వచ్చింది! ఆయన చెప్పగానే సాయిలు పేరు కొట్టేసింది నా చెయ్యే, ఒప్పుకుంటాను. మీరైతే ఎదురు చెప్పేవారా? రాయండి. నేను మాత్రం ఇప్పటికీ తిట్టుకునేది ఆ శేషాచలపతినే.