తెల్లజెండా, నాలుగు నీలి ముక్కలు

1984 జూన్‌లో ఒక శనివారం ఉదయం ఏడింటికి మా ఊరు రాలీలో బస్సెక్కాను. కారు రిపేరులో ఉంది. యార్క్‌టౌన్‌లో ఒక మ్యూజియంలో మా అమ్మాయి వాణి వేసవి ఉద్యోగం చేస్తోంది. తనని క్షమాపణ అడగాలని బయలుదేరాను. సంచిలో ఎనిమిదేళ్ల నాటి జెండా ఒకటి ఉంది.

ఆరో తరగతిలో వాణి స్కూల్ ప్రాజెక్ట్‌కి పాత ఫ్రెంచి పటాలపు జెండా కుట్టింది. తెల్లగుడ్డ మీద తెల్లగుడ్డతోనే సిలువ. ఓడిపోయినవాళ్లే తెల్లజెండా పట్టుకుంటారని నేను కొట్టిపారేశాను. తను ఏదో చెప్పబోతున్నా వినకుండా, ఎన్‌సైక్లోపీడియాలో బొమ్మ చూసి నాలుగు మూలలా నీలిగుడ్డ కుట్టేశాను. ‘ఏ’ గ్రేడ్ వచ్చింది. ఆ తర్వాత వాణి నాకు ఏ హోమ్‌వర్కూ చూపించలేదు.

పదిన్నరకి రిచ్‌మండ్‌లో బస్సు మారాలి. అక్కడ కాఫీ, గుడ్డు శాండ్‌విచ్ దొరుకుతాయి. రెండో బస్సులో నా పక్కన కూర్చున్న ముసలామె జీవితమంతా టైలర్ షాపులో పనిచేసిందట. జెండా చూపించాను.

“ఈ నీలం కుట్టినవాళ్లకి సూది పట్టుకోవడం రాదు. కింది పని మాత్రం ముచ్చటగా ఉంది” అంది.

పైది నా పనేనన్నాను. ఆమె నవ్వి, చిన్న కత్తెర చేతిలో పెట్టింది. విలియమ్స్‌బర్గ్ వచ్చేలోపు నాలుగు ముక్కలూ విప్పేశాను.

అక్కడి నుంచి టాక్సీ. మ్యూజియం హాల్లో వాణి పదిమందికి జెండాలు చూపిస్తోంది. రాజుల కాలంలో దాదాపు అన్ని ఫ్రెంచి పటాలాలకీ తెల్లసిలువే, నాలుగు మూలల రంగుల్ని బట్టే ఏ పటాలమో పోల్చుకునేవారట. కర్నల్ జెండా ఒక్కటే సిలువతో సహా పూర్తిగా తెలుపు. గౌరవంలో అదే పెద్దది.

జనం వెళ్లాక జెండా అందించాను. “తప్పు నాదేనమ్మా. ఆ రోజు నీ మాట వినలేదు.”

వాణి దాన్ని బల్లమీద పరిచి, సూది రంధ్రాల్ని వేలితో తడిమింది.

“బ్లూ పీసెస్ ఏవి?”

“బస్‌లో విప్పేశాను.”

“మళ్లీ నన్ను అడక్కుండానే మార్చేశావా, నాన్నా?”

గొంతులో కోపం లేదు. ఇంతలో ఇంకో గుంపు వచ్చింది. వాణి జెండా మడిచి తన బ్యాగ్‌లో పెట్టుకుని వాళ్ల దగ్గరికి వెళ్లింది.

ఐదున్నర బస్సుకి తిరుగు ప్రయాణం. మీరెవరైనా ఆ మ్యూజియంకి వెళ్తే, అక్కడి కర్నల్ తెల్లజెండాని కిటికీ వెలుగుకి ఎదురుగా నిలబడి చూడండి. దూరం నుంచి ఖాళీ గుడ్డలా ఉంటుంది. దగ్గరికెళ్తే కుట్లు కనిపిస్తాయి. నీలి ముక్కలు నా చొక్కా జేబులోనే ఉన్నాయి. వాటిని ఏం చేయాలో ఇంటికెళ్లాక వాణికి ఫోన్ చేసి అడగాలి.