నేను దిద్దిన ఎక్స్, వై

1983 వేసవి. తిరుపతి గాంధీరోడ్డులో ఒక మేడ మీద నా టైపు ఇన్‌స్టిట్యూట్. పొద్దున పిల్లలకు లోయరు, హయ్యరు టైపు పరీక్షలకు నేర్పేవాణ్ణి. మధ్యాహ్నం జాబ్‌వర్క్, అంటే అర్జీలు, దస్తావేజులు, యూనివర్సిటీవాళ్ల థీసిస్‌లు. ఇచ్చిన కాగితంలో తప్పుంటే అడక్కుండానే దిద్ది కొడతానని నాకు పేరు. ఆ పేరు చూసుకుని కాస్త పొగరు కూడా ఉండేది.

నగరిలో మగ్గం నేసే ఇంటి నుంచి వచ్చిన మునిరత్నం గణితంలో పరిశోధన చేస్తున్నాడు. సిమెట్రిక్ మార్కోవ్ ప్రాసెస్, హోమోజీనియస్ స్పేస్, బౌండరీ థియరీ అని పెద్ద కట్ట చేతిరాత తెచ్చాడు. అదేమిటని అడిగాను.

"యాడ నిలబడి సూసినా ఒకే మాదిరిగా ఉండే సోటన్నా. దాంట్లో ఒకడు గురి లేకుండా నడస్తా పోతాడు. వచ్చిన దారి వానికి గుర్తుండదు. కడాకు ఏ ఎల్ల పక్క పోతాడనేదే నా లెక్క."

"అట్లాంటోళ్లు మా వీధిలో శానామంది ఉండారప్పా," అన్నాను.

థీసిస్ ఇవ్వడానికి యూనివర్సిటీవాళ్లు గడువు అప్పటికే ఒకసారి పెంచారు. ఆ నెలాఖరుకు ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు, ఐదేళ్ల కష్టం గంగలో కలిసినట్టే. ఒక బాండ్ పేపరు, కింద మూడు పల్చటి కాగితాలు, మధ్య కార్బన్లు పెట్టి కొట్టాను. మిషన్లో లేని గ్రీకు అక్షరాలకు ఖాళీ వదిలితే అతను ఇంకుతో నింపుకునేవాడు.

గడువు నాలుగు రోజులుందనగా వచ్చి ఒక పేజీ నా ముందు పెట్టాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"పి బ్రాకెట్లో ఎక్స్, వై ఈక్వల్స్ పి బ్రాకెట్లో వై, ఎక్స్ అని రాసిస్తినే అన్నా. రెండు పక్కలా ఎక్స్, వై అనే ఉండాది."

"నువ్వు తిరగేసి రాసినావప్పా. నేనే దిద్దినా," అన్నాను గర్వంగా.

అతను కుర్చీలో కూలబడ్డాడు.

"నడిచేవాడు ఈడనించి ఆడికి పొయ్యేదానికి ఎంత అవకాశముండాదో, ఆడనించి ఈడికి వచ్చేదానికీ అంతేనన్నా. సిమెట్రీ అంటే అదే. అది తీసేస్తే నా థీసిస్‌లో ఏమీ మిగల్దు."

నాకు భయం వేసింది. ఇరవై మూడు చోట్ల దిద్దాను మరి. ప్రతి పేజీ నాలుగు కాపీల్లోనూ బ్లేడుతో అక్షరాలు గీకి, కాగితాన్ని మళ్లీ అదే వరుసకు కూర్చి కొట్టాలి. వెంట్రుకవాసి జరిగినా పేజీ పాడైపోతుంది. క్లాసులు మూసేశాను. నేను కొట్టడం, అతను సరిచూడడం, మూడు రోజులు అదే పని. గడువు రోజున ఇచ్చేశాడు.

మరుసటి ఏడాది వైవా, అంటే పరీక్షకుల ముందు మౌఖిక పరీక్ష, ముగిసి డాక్టరేటు వచ్చిందని చెప్పడానికి మేడెక్కి వచ్చాడు.

"ఒక సోట ఎక్స్, వై అట్లనే మిగిలిపొయిందన్నా. మద్రాసు నించి వచ్చినాయన పట్టేసినాడు."

"నా పేరు సెప్పినావా?"

"లేదు, పొరపాటు నాదే అన్నాను. నువ్వు కొట్టినావు, నేను సరిసూసినాను. ఆ తప్పు నీ పక్కనించి సూసినా, నా పక్కనించి సూసినా ఒకటే గదన్నా."

ఆ రోజు పడినంత సిగ్గు నేనెప్పుడూ పడలేదు. ఆ తరవాత ఇరవై ఏళ్లు టైపు చేశాను. అర్థం కానిది కనిపిస్తే దిద్దలేదు. పక్కన పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టి, "ఇదేందప్పా?" అని అడిగాను.