లాప్‌టాప్ పంతులి కొత్త మిషన్

ఆ రోజుల్లో లాప్‌టాప్ మార్చాలా వద్దా అన్నది ఒక మనిషి తనంతట తాను తేల్చుకునే సంగతి కాదు. ఇప్పుడైతే ఫోన్లో నాలుగు బొమ్మలు చూసి, ఒకదాని మీద వేలు పెట్టి, ఆ సంగతి సాయంత్రానికి మర్చిపోతాం. తొంభైల చివర్లో, భిలాయిలో, మా వైశాలి నగర్ వీధిలో అది పెళ్లి నిశ్చయమంత పని. అమ్మ ఒక మాట, మావయ్య ఒక మాట, ఎదురింటి సర్దార్జీ ఒక మాట అనేవారు. అందరూ అనడం అయ్యాక ఎవరికైనా గుర్తొస్తే నన్నూ అడిగేవారు. అడగడమే ఆలస్యం, నేను గొంతు సవరించుకుని ప్రాసెసర్, మెమరీ అంటూ మొదలుపెట్టేవాణ్ణి. రెండో వాక్యానికల్లా అమ్మ లేచి కుక్కర్ చూసుకోవడానికి వెళ్లిపోయేది.

ఆ లాప్‌టాప్ నా చేతికి ఎలా వచ్చిందో ముందు చెప్పాలి. నేను బీయస్సీ పూర్తి చేసి, నాన్నలాగే ఉక్కు ప్లాంటులో ఉద్యోగం వస్తుందని ఎదురుచూసి చూసి, చివరికి ఎదురుచూడటమే ఉద్యోగంగా పెట్టుకున్న కాలం అది. మావయ్య రైల్వేలో పనిచేసేవాడు. రాయపూర్‌లో ఏదో ఆఫీసు వాళ్లు వదిలించుకున్న పాత లాప్‌టాప్‌ను పట్టుకొచ్చి, "ఊరికే కూకుంటే బుర్ర తుప్పట్టీగలదు, దీన్తో ఏదోటి సెయ్యరా" అన్నాడు. దాని తెర నలుపూ తెలుపూ. బాటరీ ఉండేది గానీ అలంకారానికే. పేరుకు ఒళ్లో పెట్టుకునే మిషనే, కాసేపు పెట్టుకుంటే మాత్రం కాళ్లు తిమ్మిరెక్కేవి. అంతకుముందు వాడినవాళ్లెవరో అందులో జాతకాల సాఫ్ట్‌వేర్ వేసి వదిలేశారు. నా బతుకుతెరువు అదే అయింది. ఊళ్లోనే క్యాంప్ 2 అనే పేటలో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు బోలెడు. ఏ ఇంట్లో సంబంధం కుదిరేలా ఉన్నా నన్ను పిలిచేవారు. నేను రెక్సిన్ సంచీలో మిషన్ పెట్టుకుని స్కూటర్ మీద వెళ్లేవాణ్ణి. పిల్లలు నాకు 'లాప్‌టాప్ పంతులు' అని పేరు పెట్టారు. (పంచాంగం తలకిందులుగా ఇచ్చినా పోల్చుకోలేని పంతుల్ని. తల పంకించడం మాత్రం చక్కగా వచ్చేది.)

పుట్టిన వేళ అడిగితే గడియారం చూసి చెప్పేవాళ్లు అక్కడ తక్కువ. మా వాళ్ల గడియారం ప్లాంటు సైరనే. "మా పెద్దోడా? ఆడి నాన్న ఫస్ట్ షిఫ్టుకి డబ్బా కట్టించుకుని ఎలిపోనాక పుట్టీసినాడు" అనేవారు. నేను ఆ షిఫ్టును గంటల్లోకి మార్చి మిషన్‌కి ఎక్కించేవాణ్ణి. ఇక అది మొదలుపెట్టేది. గుర్రుమని ఒక చప్పుడు, కాసేపు మౌనం, మళ్లీ గుర్రు. ఈలోగా టీలు వచ్చేవి, మిక్చరు వచ్చేది, వేడి పకోడీ కూడా వచ్చేది. "మీది ఆమదాలవలసా? మా మేనత్తోరిది ఆ పక్కూరే గదా" అని ఇరువైపుల పెద్దలూ చుట్టరికాలు తవ్వుకునేవారు. మిషన్ జవాబు చెప్పే వేళకు వాళ్లు సగం వియ్యంకులైపోయి ఉండేవారు. వచ్చిన జవాబును కళ్లకద్దుకునేవారు. ఇంకోసారి చూడమని ఏ ఒక్కరూ అడిగేవారు కాదు, మళ్లీ అంతసేపు కూర్చునే ఓపిక ఎవరికుంది! నేను మాత్రం ఆ ఆలస్యానికి సిగ్గుతో చచ్చిపోయేవాణ్ణి.

ఆ సిగ్గుకు తోడు ఒక రోజు ఒక నవ్వు వచ్చి పడింది. క్యాంప్ 2లో ఎవరింట్లోనో మిషన్ గుర్రుమంటుండగా, పక్కింటమ్మాయి గుమ్మంలో నిలబడి చూస్తోంది. అక్కడే ఒక చిన్న స్కూల్లో లెక్కలు చెప్పేది. కాసేపు చూసి, "భయ్యా, ఇది ఆలోచిస్తోందా, సో రహా హై క్యా?" అంది. గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇంటిదాకా నాతోనే వచ్చి, అన్నం తింటుంటే ఎదురుగా కూర్చుంది. భయ్యా అన్నదని ఒక బాధ, మిషన్ నిద్రపోతోందన్నదని ఇంకో బాధ. (అక్కడ పుట్టి పెరిగినవాళ్లు కూరగాయలబ్బాయి దగ్గర్నుంచి కలెక్టరు దాకా అందర్నీ భయ్యా అనే అంటారని నాకు నేనే ఎన్నిసార్లు చెప్పుకున్నానో!) మొదటి బాధకు మందు నా చేతిలో లేదు గనక రెండోదాని మీద పడ్డాను. ఎలాగైనా వేగమైన లాప్‌టాప్ కొనాలి.

ఇలా ఉండగా మావయ్య ఒక సంబంధం పట్టుకొచ్చాడు. ఆ అమ్మాయే! నా గుండె కాసేపు మా పాత మిషన్‌లాగే చప్పుడు చేసింది. వాళ్ల నాన్న ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర పనిచేసే పెద్దాయన, మాట తక్కువ మనిషి. ఆయన ఒకే ఒక్క షరతు పెట్టాడట. "పంతులుగారైతే మొగమాటానికి బాగుందనీసి ఎలిపోతారు. ఆ గుంటడి మిషన్లోనే చూద్దుం. మనిషికి సుట్టరికం ఉంటాది గానీ మిషన్‌కేటుంటాది? ఆడినే అట్టుకు రమ్మను" అన్నాడట. అంటే నా పెళ్లి జాతకం నేనే, నా మిషన్ మీద, పిల్ల ఇంట్లో కూర్చుని చూడాలి. వినగానే నాకు భయం వేయాల్సింది. నాకేమో ఆనందం వేసింది. ఆ అమ్మాయి ముందు రంగుల తెర తెరిచి, చిటికెలో జవాబు తెప్పించి, "చూశారా, నిద్రపోలేదు" అనాలని ఆ క్షణమే నిశ్చయించుకున్నాను.

"ఉన్నది పంజేస్తంది కదరా, మరేటి?" అంది అమ్మ. "బండి పాతదైనా తెలిసిన బండి మేలు, యార్," అన్నాడు సర్దార్జీ. మావయ్యకు రాయపూర్‌లో తెలిసిన షాపతను ఉన్నాడు. ఆదివారం వాడి చూసి, సోమవారం ఉంచుకునేదీ లేనిదీ చెప్పమని కొత్త లాప్‌టాప్ ఒకటి ఇచ్చాడు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, దాన్ని పసిపిల్లాణ్ణి పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని వచ్చాను. దారిలో కుమ్హారి దగ్గర ఎక్కిన ఒక పెద్దావిడ తన ఉల్లిపాయల సంచీ నా మిషన్ మీద ఆనించబోతే, "మాతాజీ, ఇందులో నా జీవితం ఉంది" అని హిందీలో గంభీరంగా చెప్పాను. ఆవిడ జాలిగా చూసి, సంచీ తన ఒళ్లోనే పెట్టుకుంది.

ఆదివారం క్యాంప్ 2లో వాళ్లింటి ముందు గదిలో మంచం మీద కొత్త మిషన్ తెరిచాను. పెద్దాయన, ఆయన భార్య, పెద్దాయన తల్లి, మా మావయ్య చుట్టూ కూర్చున్నారు. అమ్మాయి లోపలి గుమ్మంలో నిలబడింది. తెర మీద రంగులు చూసి ముసలామె దండం పెట్టింది. నా ఛాతీ ఉప్పొంగింది. జాతకాల సాఫ్ట్‌వేర్, నా వివరాలు అప్పటికే అందులో ఎక్కించి ఉంచాను. "పాప పుట్టిన వేళ చెప్పండి" అన్నాను, నా గొంతు నాకే పరాయిగా వినిపిస్తుండగా.

"సెకండ్ షిఫ్ట్ దిగొచ్చి సైకిలు గోడకి ఆనించినానో లేదో, ఏడుపు ఇనిపించింది" అన్నాడు పెద్దాయన. రాత్రి పదిన్నర అని కొట్టాను. వేలు తీసేలోపే జవాబు తెర మీద ఉంది! గుణాలు బ్రహ్మాండంగా కలిశాయి. విజయగర్వంతో తలెత్తి చూస్తే అందరి మొహాల్లోనూ అనుమానం. టీ పొయ్యి మీదే ఉంది. మావయ్య ఇంకా కాళ్లు కూడా చాపుకోలేదు.

"ఏటి, అయిపోనాదా? సరిగ్గా సూసినాదంతావా?" అంది ముసలామె.

"అంత ఫటాఫట్ ఎలా సెప్పీసింది?" అన్నాడు పెద్దాయన. "ఇంకోపాలి కొట్టు బాబూ."

కొట్టాను, అదే వచ్చింది. ఇంతలో వాళ్లావిడ అందుకుంది. "సెకండ్ షిఫ్టేటి? ఆ రోజు మీరెళ్లింది ఫస్ట్ షిఫ్టు. మజ్జాన్నం పుట్టింది పిల్ల. నొప్పులు నాను పడ్డానా మీరు పడ్డారా?" మధ్యాహ్నం మూడు అని కొట్టాను. చిటికెలో జవాబు, ఈసారి కుజదోషం. "మీరిద్దరూ కాదు, పాలోడు గంట కొట్టీసరికి గుంట నా సేతుల్లో ఉంది" అంది ముసలామె. తెల్లవారుజాము అని కొట్టాను. నక్షత్రమే మారిపోయింది, గుణాలు సగానికి సగం రాలిపోయాయి. ఇక చూడాలి ఆ గది! పాత మిషన్ అయితే ఒక్కసారి చెప్పి నోరు మూసుకునేది. ఇది అడిగినవాళ్లకు అడిగినంత. "మళ్లీ రాత్రిది కొట్టు", "మజ్జాన్నం రెండుకి సూడు", "ఓవర్‌టైం కలిపినావా?" అంటూ ముగ్గురూ పోటీలు పడ్డారు. పెద్దాయన డ్యూటీ సంగతి వదిలి అత్తాకోడళ్లు పాత కాన్పుల సంగతులు తవ్వుకున్నారు. మావయ్య నా చెవిలో, "ఒరే, దీన్ని ఆపీడం రాదేట్రా?" అన్నాడు. నాకు చెమటలు కారి కీబోర్డు మీద పడుతున్నాయి. ఆ అమ్మాయి నాకు దక్కడం, దక్కకపోవడం నా వేళ్ల కిందే మారిపోతోంది. కుదిరింది, చెడింది, కుదిరింది, చెడింది.

చివరికి పెద్దాయన చెయ్యెత్తాడు. "బాబూ, నీ మిషన్ గడికో మాట సెప్తంది. ఇది నమ్మి పిల్లనెలాగిచ్చీగలను?"

నేను సమాధానంగా ప్రాసెసర్ గురించి చెప్పడం మొదలుపెట్టాను. (అవును, నిజంగానే మొదలుపెట్టాను.) అప్పుడు ఆ అమ్మాయి గుమ్మం దాటి వచ్చి, మంచం మీదికి వంగి, లాప్‌టాప్ మూత టక్కున మూసేసింది. నన్ను సూటిగా చూసి, "ఇది చెప్పింది చాలు గానీ, మీరేటంటారు?" అంది. భయ్యా అనలేదు. ఆ సంగతి నేను గమనించాను, గమనించి ఇంకా కంగారు పడ్డాను. అలవాటుగా తెర వైపు చూశాను, తెర మూసి ఉంది. మావయ్య వైపు చూశాను, ఆయన పైకప్పు చూస్తున్నాడు. ఇంట్లో నేర్చుకున్న తెలుగంతా ఆ క్షణాన ఎటు పోయిందో పోయింది. "ముఝే తో పసంద్ హై" అన్నాను. నచ్చిందని హిందీలో అనేసి, అది చాలదేమోనని, చాలా అన్నట్టు "బహుత్" అని కూడా అన్నాను.

ముసలామె పకపకా నవ్వింది. పెద్దాయన "ఆ ముక్క ముందే సెప్తే ఈ గోలుండదు కదా" అని, టీ తెమ్మని లోపలికి కేకేశాడు. ఆయన అన్న ఆ మాటే మా నిశ్చయతాంబూలం. దోషం సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. (మా అత్తగారు మాత్రం మధ్యాహ్నమేనని ఇప్పటికీ అంటారు.) సోమవారం కొత్త మిషన్ రాయపూర్ తీసుకెళ్లి షాపతని ముందు పెట్టాను. "క్యా హువా, స్లో హై?" అన్నాడు. "నహీ భయ్యా, బహుత్ తేజ్ హై" అన్నాను. వేగం ఎక్కువైందని సరుకు వెనక్కిచ్చినవాణ్ణి అతను ఎప్పుడూ చూడలేదనుకుంటాను, మావయ్య దగ్గర నా ఆరోగ్యం గురించి వాకబు చేశాడట.

తర్వాత ఎన్నో మిషన్లు మార్చాను. జాతకాల పని పోయింది, లెక్కల పనిలో పడ్డాను, పెద్ద షాపులకూ వెళ్లాను. ఇవాళ్టికీ కొత్తది కొనాలంటే నెల రోజులు ఆలోచిస్తాను, మంచిచెడ్డలు రెండు వరుసల్లో రాసుకుంటాను, నలుగుర్ని అడిగి నలుగురి మాటా వినను. మా ఆవిడ కళ్లజోడు పైకి జరిపి, "ఇంతకీ ఎందుకు కావాలి?" అంటుంది. గంటసేపు చెప్పడానికి కారణాలుంటాయి నా దగ్గర. తెర మూసి ఉండగా, ఏ లెక్కా చూసుకోకుండా, వచ్చీరాని ధైర్యంతో ఆ రెండు ముక్కలూ అనేసిన కుర్రాణ్ణి తలుచుకుంటే మాత్రం నవ్వొస్తుంది. వాడికి ప్రాసెసర్ల గురించి నాకన్నా బాగా తక్కువ తెలుసు. వాడంటే నాకు కాస్త అసూయ కూడా.