నేను చెప్పిన సాక్ష్యం

ఏళ్లుగా ఆదివారమంటే నాకు భయం. చర్చిలో దేవుడు చేసిన మేళ్లు చెప్పుకునే సాక్ష్యాలు మొదలవగానే తల దించుకుంటాను, ఎవరైనా నా పేరు ఎత్తుతారేమోనని. మీరు నన్ను ఎరగరు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది నిడదవోలు. బడిపంతులుగా రిటైరయ్యాను, చర్చిలో సంఘ పెద్దని. రాజమండ్రిలో డాక్టరు గారు నాకు ప్రోస్టేట్ క్యాన్సర్ ఉందన్నారు. తొలి దశ, నెమ్మదిగా పెరిగే రకం. ఇప్పుడే ఆపరేషన్ అక్కర్లేదు, పరీక్షలు మాత్రం మానకూడదు. జన్యు పరీక్షలో ఇంకోటి బయటపడింది, మా రక్తంలోనే వస్తున్న లోపం. మీ తమ్ముడికి చెప్పండి, ఆయన కూడా చూపించుకోవాలి అన్నారు.

చెబుదామనే బస్సెక్కాను. కానీ అప్పటికే నా ఆస్పత్రి తిరుగుళ్ల సంగతి సంఘంలో పాకిపోయింది. ఆదివారం రోగుల కోసం ప్రార్థిస్తూ పాస్టరు గారు నా పేరు చదివారు. అందరూ నావైపు తిరిగారు. ఆ జాలి చూపులు భరించలేకపోయాను. లేచి, క్యాన్సర్ అన్నారండి, ఇప్పుడు ఆపరేషనే అక్కర్లేదన్నారు, దేవుడు నన్ను ముట్టాడు అన్నాను. చర్చంతా స్తోత్రం అంది. అబద్ధమా అది? మాటకు మాట విడదీస్తే కాదేమో. విన్నవాళ్లకి జబ్బు నయమైపోయిందనే అర్థమైందని మాత్రం నాకు బాగా తెలుసు.

బయట చెప్పులేసుకుంటుంటే తమ్ముడు దగ్గరికొచ్చాడు.

"అన్నయ్యా, ఇలాంటివి అన్నదమ్ములకీ వస్తాయంటారు కదా. నేనూ ఓసారి చూపించుకోనా?"

చుట్టూ జనం.

"నాకే ఇప్పుడేం లేదు, నీకెందుకురా?" అన్నాను.

నవ్వేశాడు. చిన్నప్పట్నుంచీ నా మాట కాదన్నవాడు కాదు.

కొన్నేళ్లకి వాడు నడుంనొప్పని ఆస్పత్రికి వెళ్లేసరికి అదే జబ్బు ఎముకల్లోకి పాకింది. మంచం మీద నుంచి, నీకు చేసుకున్న ప్రార్థనే నాకూ చెయ్యమన్నాడు. చేశాను. కళ్లు మూసుకుని, గొంతెత్తి చేశాను. అప్పుడైనా చెప్పొచ్చు కదా? వాడి ఆశ పోతుందని ఊరుకున్నానా, నా పరువు పోతుందనా? జవాబు తెలిసే మళ్లీ మళ్లీ అడుగుతుంటాను. వాడు పోయాడు. నేను మాత్రం కళ్ల డాక్టరు దగ్గరికని ఇంట్లో చెప్పి ఇప్పటికీ పరీక్షలకి వెళ్తున్నాను. ఏమీ పెరగలేదండి, బాగుంది అంటారు.

వాడి కొడుక్కి నలభై దాటాయి. నిన్న ఫోన్ చేసి అబ్బాయికి అంతా చెప్పాను.

"నాన్నకి తెలుసా పెదనాన్నా?" అన్నాడు.

తెలియదన్నాను. ఫోన్ పెట్టేశాడు.

పరీక్షకి వెళ్తాడో లేదో. మళ్లీ నా ముఖం చూస్తాడో లేదో. క్షమించమని నేను అడగలేదు, అడిగే నోరు నాకు లేదు. అయినా ఇన్నేళ్లకి కాస్త ఊపిరాడుతోంది.

రేపు ఆదివారం. సాక్ష్యాలప్పుడు లేచి నిలబడతాను.